మతభేదములు – శ్రవణధర్మము

(పరకాల గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము 25 ఏండ్లు నిలిచినదనగా ఆ గ్రామము 25 ఏండ్లుగా ఒక విద్యను ఎడతెగక అభ్యసించినదని అర్థము. ఆ విద్య చదువుట యని పైకి తోచును. నిజమునకు అది వినుట. పుస్తకము తెరచినవాడు నోరు మూసికొని, ఎదుటివాడు చెప్పదలచినదంతయు చెప్పు వరకు అడ్డు రాక కూర్చుండును. నచ్చని మాట వచ్చినచో పుట త్రిప్పునే కాని గ్రంథకర్తపై కేకలు వేయడు. ఒకే బీరువాలో భగవద్గీత ప్రక్కన ఖురాను, దాని ప్రక్కన బైబిలు, క్రింది అరలో దేవుడే లేడని వాదించు పుస్తకము నిలిచియుండును. అవి యొకదానినొకటి త్రోసికొనవు. మనుష్యులు మాత్రము అట్లు నిలుచుట కష్టము. కావుననే ఈ శుభసమయమున మతభేదముల యెడ ఓపికతో వినుట యను ధర్మమును గూర్చి విచారించుట తగియున్నది.

తెలంగాణమున గ్రంథాలయములు పుట్టిన విధమును తలచినను ఈ విషయమే స్ఫురించును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము, 1904లో హనుమకొండ యందు రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసినవి. ఆనాడు అక్షరము వచ్చినవారు తక్కువ. ఒకడు పత్రిక చదువుచుండగా చుట్టును కూర్చుండినవారు వినుచుండెడివారు. చదువరికంటె శ్రోతలే పెక్కుమంది. సభ జరుపవలెనన్నను ప్రభుత్వానుమతి కావలసిన ఆ దినములలో, జనులు తమ మాట తాము చెప్పికొనుటకును, పరుల మాట వినుటకును దొరకిన చోటు గ్రంథాలయమే. జనుల మాట వినని అధికారము ఎట్టిదో పరకాల చక్కగ నెరుగును. 1947 సెప్టెంబరు 2వ తేదీన జాతీయపతాకము నెత్తికొని వచ్చిన ప్రజలపై ఈ ఊర తుపాకులు ప్రేలినవి. వారి మాటకు లభించిన ప్రత్యుత్తర మది. వినకపోవుటకు చెల్లింపవలసిన వెల యేమో ఈ మట్టికి తెలియును.

ఇక ప్రస్తుత విషయము. పొలముగట్టు తగవు వచ్చినచో కొలుచుటకు గొలుసు కలదు. పూర్వము పట్వారీ లెక్కయు నుండెడిది. అప్పు తగవు వచ్చినచో పత్రము కలదు. మతవిషయమున భేదము వచ్చినచో ఇరువురకును సమ్మతమైన కొలబద్ద దొరకదు. ఒకడు ప్రమాణమని తలదాల్చు గ్రంథమును రెండవవాడు ప్రమాణముగా గొనడు. పైగా మతము బుద్ధికి మాత్రమే సంబంధించినది కాదు. తల్లి యొడిలో విన్న పాట, తండ్రి పెట్టిన దీపము, తాత సమాధి, పండుగనాటి వంట, ఇవి యన్నియు అందు చేరియుండును. అందుచేత మతమును విమర్శించిన మాట తన యింటివారిని దూషించిన మాట వలె చెవికి తాకును. అప్పుడు వినువాడు వినుట మాని, తాను చెప్పబోవు ప్రత్యుత్తరమును లోలోపల కూర్చుకొనుచుండును. ఎదుటివాని పెదవులు కదలుట కనబడును కాని మాట లోనికి పోదు. మతవాదములలో నూటికి తొంబది యిట్లే జరుగునన్నచో అతిశయోక్తి కాదు.

ఈ రోగమునకు మందు కనుగొనవలెనని యత్నించిన ప్రాచీనులలో అశోకుడు ముఖ్యుడు. ఆయన మాట తెలుగుగడ్డపైననే రాతిమీద నిలిచియున్నది. కర్నూలు జిల్లాలో గుత్తికిని పత్తికొండకును నడుమ ఎర్రగుడి యను ఊరు కలదు. దాని సమీపమున గుట్టమీది బండలపై ఆ చక్రవర్తి ధర్మశాసనములు పదునాలుగును చెక్కబడియున్నవి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతము. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున చెక్కబడిన ఆ వ్రాతలను తరతరముల పసులకాపరులు చూచుచునే యుండిరి. అవి అశోకుని వని లోకమునకు తెలిసినది 1928 ప్రాంతమున, ఒక భూగర్భశాస్త్రజ్ఞుని మూలమున.

ఆ పదునాలుగింటిలో పండ్రెండవది మతసంఘముల పరస్పర వర్తనమును గూర్చినది. అందలి భావమిది: దానముకంటెను, గౌరవ మర్యాదలకంటెను, ఎల్ల మతములలోని సారము వృద్ధి పొందుటయే రాజునకు ప్రియము. ఆ వృద్ధికి మూలము నాలుకను కాచుకొనుట. తన మతమును పొగడుకొని పరమతమును తెగడువాడు తన మతమునకు మేలు చేయుచుంటినని భ్రమించును కాని దానికే యెక్కువ కీడు చేయును. కావున అందరును కలసికొనుట మంచిది. ఒకరి ధర్మము నొకరు వినవలెను, వినుటకు కోరిక గలిగి వినవలెను.

ఇందు మూడు సూక్ష్మములు గమనింపదగినవి. మొదటిది: అశోకుడు అన్ని మతములును ఒక్కటే యని చెప్పలేదు. భేదములు లేవని నటింపలేదు. ప్రతి మతమునకును తన సారము తనకు కలదని యంగీకరించి, దానిని పెంచుకొనుడని కోరెను. రెండవది: ఆయన విమర్శను పూర్తిగా నిషేధింపలేదు. తగని సందర్భమున చేయరాదనియు, తగిన సందర్భమున నైనను తేలికగా చేయవలెననియు మాత్రమే హద్దు గీచెను. మూడవది: ఆయన జనులను బహుశ్రుతులు కమ్మని కోరెను. తెలుగున నేటికిని గొప్ప పండితుని బహుశ్రుతుడందురు. ఆ మాటకు పెక్కు విన్నవాడని యర్థము. పెక్కు పలికినవాడని కాదు. పాండిత్యమునకు చెవియే ద్వారమని భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. కళింగయుద్ధమున లక్షలాది జనుల ప్రాణహాని చూచి పశ్చాత్తాపము పొందిన రాజు నోట ఈ మాట వచ్చుటచేత దీనికి బరువెక్కువ. ఆయన బౌద్ధమును అవలంబించినవాడు. అయినను బౌద్ధమునే వినుడని శాసింపక, పరస్పరము వినుడని వేడుకొనెను.

రాజు రాతిపై చెక్కించిన దానిని శాస్త్రకారులు పద్ధతిగా దిద్దిరి. న్యాయశాస్త్రము మాటలాటను మూడు విధములుగా విభజించినది. సత్యము తెలిసికొనవలెనను కోరికతో ఇరువురు చేయునది వాదము. ఎట్లయినను గెలువవలెనని చేయునది జల్పము. తన పక్షమేదియు నిలుపక ఎదుటివాని పక్షమును పడగొట్టుట మాత్రమే పనిగా బెట్టుకొనునది వితండము. నేడు జనులు వాదమను పేరున చేయునది చాలవరకు జల్పము. వితండమును తక్కువ కాదు. వైద్యగ్రంథమగు చరకసంహిత సైతము పండితుల సంభాషణలో స్నేహముతో సాగునది యొకటియు, విరోధముతో సాగునది యొకటియు గలవని చెప్పి, ఎవరితో ఎట్లు మాటలాడవలెనో విస్తరించినది. రోగి ప్రాణము వైద్యుల మాటపై నిలిచియుండగా గెలుపోటములకంటె నిజము ముఖ్యము గదా! మతవిషయమునను అట్లే. అచట ఊరి నెమ్మది ప్రమాదమున నుండును.

శాస్త్రగ్రంథములలో పూర్వపక్షమను నియమము కలదు. ఖండింపదలచిన మతమును ముందుగా వివరింపవలెను. తరువాతనే తన సిద్ధాంతమును చెప్పవలెను. పదునాలుగవ శతాబ్దమున మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహమున పదునారు దర్శనములను వరుసగా వివరించెను. అద్వైతియైన ఆయన, తన మతమునకు మిక్కిలి దూరమైన చార్వాక దర్శనముతో గ్రంథమారంభించెను. చార్వాకుల మూలగ్రంథములు దాదాపు అన్నియు నశించినవి. వారు చెప్పినదేమో నేడు తెలియుచున్నదన్న, అది ముఖ్యముగా వారిని ఖండించిన వారి పుటల వలననే. ప్రతిపక్షుని మాట విని వ్రాసియుంచినవాడు తనకు తెలియకయే దానికి కాపరి యయ్యెను. వినుటవలన కలుగు మేలులలో ఇది యొకటి.

పద్ధతి ఇంత చక్కనిదైనను లోకమున అది యన్నివేళల నిలువలేదు. ఓరుగల్లు సీమ చరిత్రయే దానికి దృష్టాంతము. కాకతీయుల తొలినాళ్లలో ఈ సీమయందు జైనము వర్ధిల్లినది. హనుమకొండ గుట్టపై 1117వ సంవత్సరమున, రెండవ ప్రోలరాజు కాలమున, మంత్రి బేతన భార్యయగు మైలమ కడలాలయ బసదిని కట్టించెను. నేడు ఆ స్థలము పద్మాక్షిగుట్టగా ప్రసిద్ధము. ఆ రాతిపై జైనమూర్తులు నేటికిని కానవచ్చుచున్నవి. అచట కొలువు పద్మాక్షీదేవికి. ఆ గుట్ట పాదమున ప్రతియేట సద్దుల బతుకమ్మనాడు ఆడబిడ్డలు వేలకొలది పూలపేర్చులతో గుమిగూడుదురు. ఒకే కొండ రెండు మతముల స్మృతిని మోయుచున్నది. అనతిదూరమున రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడి కలదు. అది త్రికూటాలయము. శివునకు, విష్ణువునకు, సూర్యునకు వేర్వేరు గర్భగృహములు; మువ్వురకును నడుమ మండప మొక్కటే. ఆ శిల్పి మూడు మూర్తులను కలిపి యొక్క మూర్తిగా చెక్కలేదు. ఎవరి గడప వారికి విడిచి, కూడుకొనుటకు నడుమ చోటు కల్పించెను. అశోకుని శాసనమునకు ఇంతకన్న మంచి భాష్యము రాతితో వ్రాయుట కష్టము.

అయినను ఆ కాలముననే మతకలహములును చెలరేగినవి. పాల్కురికి సోమనాథుడు ఈ సీమవాడు. ఆయన పండితారాధ్యచరిత్రమున వాదప్రకరణమని యొక ప్రకరణమే కలదు. వెలనాటి చోడుల రాజధానియగు చందవోలున మల్లికార్జున పండితారాధ్యుడు బౌద్ధాచార్యునితో వాదించిన కథ యందు వచ్చును. ఆ కథలో వాదము మాటలతో ముగియలేదు. పండితుని శిష్యులు బౌద్ధాచార్యుని చంపిరి. రాజు ఆ నేరమునకు పండితుని కన్నులు తీయించెను. ఇది భక్తుడు భక్తిభావముతో రచించిన కావ్యకథ. ప్రతి వివరమును చరిత్రగా గ్రహింప బనిలేదు. కాని కవి తన కాలమునకు తెలిసిన లోకరీతిని దాచలేదు. ఇరువురు గురువులును శాస్త్రమెరిగినవారే. వాద మెట్లు సాగినను, వారి వెనుక నిలిచిన శిష్యులు వినుటకు రాలేదు, గెలుపు చూచుటకు వచ్చిరి. అట్టి సభలో ఎవరు గెలిచినను చివరకు మిగులునది నెత్తురే.

ఇట్టి కథ మరియొకటి సిద్ధేశ్వరచరిత్రము మూలమున వ్యాపించినది. గణపతిదేవుని సభలో తిక్కన సోమయాజి జైనులను వాదమున నోడించెననియు, తరువాత జైనులకు ఘోరదండనము కలిగెననియు ఆ కథ. ఇది తరువాతి కాలపు రచన కావున దీనిని నిశ్చితచరిత్రగా గొనుటకు వీలులేదు. కాని జనులు ఈ కథను తరతరములు గర్వముతో చెప్పికొనుట మాత్రము నిజము. తిక్కన తన భారతమును హరిహరనాథునకు అంకితము చేసినవాడు. శైవవైష్ణవములు పోరాడు కాలమున రెండు పేళ్లను ఒక్క దైవమున చూచిన మహాకవి పేరును ఒక మతసంహారకథకు తగిలించిరి. జయించినవారి కథలయందు ఓడినవారి మాట వినబడదు. ఆ జైనులు సభలో ఏమి చెప్పిరి? వారి వాదమెట్టిది? కథకు ఆ యక్కరయే లేకపోయినది. వినకపోవుట యొక్క తుదిఫలమిది: మొదట మాట పోవును, పిదప మనిషి పోవును, కడపట జ్ఞాపకమును పోవును.

ఓపికతో విన్నవారి కథలును తెలుగునాట కొరతపడలేదు. బమ్మెర పోతన వీరభద్రవిజయమును రచించిన శివభక్తుడు. ఆ చేతితోనే విష్ణుకథయగు భాగవతమును తెనిగించెను. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగుకవులు మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. మహాభారతమందలి కథను ముస్లిం ప్రభువు కొలువున కూర్చుండి వినెను. ఆ కొలువువాడే యగు అమీన్‌ఖానుడు పొన్నికంటి తెలగన్న వద్ద యయాతిచరిత్రమును అంకితముగొనెను. అచ్చతెలుగున మొదటి కావ్యమని పేరొందినది అదియే. వినుటకు చెవి యొగ్గిన వేరొక మతస్థుని యాదరణమున తెలుగు తన యచ్చదనమును చూచికొనినది.

పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను చేసిన పని యంతకంటెను విచిత్రము. ఆయన క్రైస్తవుడు, ఈస్టిండియా కుంపిణీ ఉద్యోగి. అట్టివాడు వేమన పద్యములను వెదకించి, ప్రతులు సరిచూచి, 1829లో ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. జంగముల మతమును, ఆచారములను, సాహిత్యమును గూర్చి వారి గ్రంథముల నాధారము చేసికొని వ్యాసము వ్రాసెను. ఆయన తన మతమును విడువలేదు, వీరశైవుడు కాలేదు. పాలకజాతివాడను సంగతియు మరువరాదు. అయినను తన మతముకాని మతమును, దానిని నమ్మినవారి గ్రంథముల నుండియే తెలిసికొనవలెనను నియమమును పాటించెను. వానికి దక్కిన ఫలము తెలుగువారందరికిని దక్కినది.

సామాన్యజనులును ఈ విషయమున వెనుకబడలేదు. ఖాజీపేట దర్గాకు పోవువారిలో హిందువు లెందరో. తెలంగాణపు పల్లెలలో పీరీల పండుగనాడు అలావ చుట్టు ఆడువారిలో అన్ని కులములవారును, రెండు మతముల వారును కలరు. ఇది మెచ్చదగినది. అయితే ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. పండుగ పంచుకొనుట సులభము. నమ్మకమును వినుట కష్టము. ఎదుటివాని యింట సేమియా పాయసము త్రాగినవాడు, అతడు నెలదినములు ఉపవాసమేల చేసెనో యడిగి వినియుండకపోవచ్చును. ప్రసాదము పుచ్చుకొన్నవాడు, విగ్రహమున ఎదుటివాడు చూచునదేమో తెలిసికొనియుండకపోవచ్చును. ఒక వదంతి పుట్టిన రాత్రి, విందుల స్నేహము మాత్రమే యున్నచోట అనుమానము త్వరగా దూరును. ఒకరి మనస్సు నొకరు విన్నచోట దానికి చోటు తక్కువ.

సభ కూర్చినంతమాత్రమున వినుట సిద్ధింపదనుటకు అక్బరు కథ నిదర్శనము. ఆయన 1575లో ఫతేపూరు సిక్రీ యందు ఇబాదత్‌ఖానా యను చర్చామందిరమును కట్టించెను. ముందు ముస్లిం విద్వాంసులు, పిదప హిందువులు, జైనులు, జొరాస్ట్రియనులు, క్రైస్తవ పాదిరీలు వచ్చిరి. వినవలెనను దాహము చక్రవర్తికి కలదు. వచ్చినవారిలో పలువురకు అది లేదు. ఎవరెక్కడ కూర్చుండవలెనను తగవు మొదలుకొని దూషణముల వరకు పోయినవి. మందిరము కట్టుటకు రాజు చాలును. దానిని సార్థకము చేయుటకు ప్రతి శ్రోతయు కావలెను.

ఇచట కొన్ని ఆక్షేపణలు రావచ్చును. పరమతమును వినినచో తన విశ్వాసము సడలునని కొందరు భయపడుదురు. విన్న మాత్రమున కూలు విశ్వాసము లోతున పాతుకొన్నది కాదు. విని నిలిచినది మునుపటికంటె బలమైనది. వినుట అంగీకారము కాదు. తీర్పునకు ముందు జరుగవలసిన విచారణ. సాక్ష్యము వినక తీర్పు చెప్పు న్యాయాధిపతిని ఎవరును మెచ్చరు.

రెండవ ఆక్షేపణ దీనికంటె గట్టిది. మతము పేరనే కొందరిని ఊరి వెలుపల నుంచిరి, గుడి మెట్లెక్కనీయలేదు, బావినీరు ముట్టనీయలేదు. అట్టివారిని ఓపికతో వినుడని కోరుట న్యాయమా? న్యాయము కాదు. వారు వేలయేండ్లుగా వినుచునే యున్నారు. వారి మాట వినినవారే అరుదు. ఓపిక యను ధర్మము ముందుగా బలవంతునకు, సంఖ్యాధికునకు, పీఠముపై కూర్చున్నవానికి చెందినది. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మ అంటరానివారి పక్షమున జీవితాంతము సభలు జరిపి, బడులు పెట్టించి పోరాడెను. ఆ మాటలు అగ్రవర్ణముల చెవికి చేదుగా తాకినవి. అట్టి చేదును కోపింపక వినుటయే శ్రవణధర్మమునకు అసలు పరీక్ష. తీయని మాట వినుటకు ఓపిక యెందులకు?

ఈ ధర్మమును ఊరిలో ఆచరించుటకు గ్రంథాలయమునకు మించిన చోటు లేదు. అందుకు నాలుగు నియమములు చాలును. ఎదుటివాని మతమును తిరిగి చెప్పి, అవును, అదియే నా మాట యని అతడు ఒప్పుకొనిన తరువాతనే ప్రత్యుత్తరము మొదలిడవలెను. ఒక మతమును దాని యందలి చెడ్డ మనిషిని బట్టి గాక, ఆ మతస్థులు ఉత్తమమని చూపిన గ్రంథమును బట్టి గ్రహింపవలెను. గెలుపు చూచుటకు వచ్చు గుంపును దూరముంచి, నలుగురైదుగురు కూర్చుండి మాటలాడవలెను. మాటలు ముగిసిన పిదప ఎవరు గెలిచిరని యడుగరాదు. ఎవరేమి క్రొత్తగా తెలిసికొనిరని యడుగవలెను.

ఈ నియమములు చిన్నవి. వీనివలన మతభేదములు తొలగిపోవు. తొలగిపోవలసిన యవసరమును లేదు. శివుని గడప శివునిది, విష్ణువు గడప విష్ణువుది, సూర్యుని గడప సూర్యునిది. నడుమ నున్న మండపము మాత్రము అందరిది. దానిని ఊడ్చి, దీపము పెట్టి, తలుపు తెరచియుంచుట ఊరివారి పని. ఈ గ్రంథాలయము 25 ఏండ్లు చేసినది ఆ పనియే. రానున్న యేండ్లలోను ఇచ్చటి బల్లల చుట్టు కూర్చుండు యువకులు, వృద్ధులు, స్త్రీలు, పురుషులు బహుశ్రుతులై, తమ మతమున తాము నిలిచియే పరుల మాటకు చెవి యొగ్గి, ఈ ఊరి పేరును నిలుపుదురు గాక!